సముద్రమట్టం ఎక్కడుంది?
విశాఖ నుంచి భీమిలి దాకా ఒకరోజు నడక

హైదరాబాదులో నాంపల్లి స్టేషనుకు వెళ్ళినప్పుడు ప్లాట్‌ఫారం చివరిదాకా నడవండి. స్టేషను పేరు రాసిన పెద్ద పసుపుపచ్చ బోర్డు కనిపిస్తుంది. రైల్వే వాళ్ళు ఇలాంటి బోర్డుల మీద పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక అంకె వేస్తారు. ఆ స్టేషను సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో చెప్పే అంకె అది. నాంపల్లి, అబిడ్స్ ప్రాంతమంతా సముద్రమట్టానికి సుమారు అర కిలోమీటరు ఎత్తున ఉంది.

పక్కనే ఉన్న హుస్సేన్‌సాగర్ లెక్క ఇంకా కచ్చితంగా ఉంటుంది. ఆ చెరువు నిండు మట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. వానాకాలంలో నీరు ఆ గీతను చేరుతోందంటే అధికారులు అప్రమత్తమవుతారు. చెరువు దిగువన ఉన్న బస్తీల వాళ్ళ గుండెలు గుబగుబలాడతాయి. అంటే ఆ అంకె మీద వేలమంది క్షేమం ఆధారపడి ఉందన్నమాట.

ఇప్పుడు కొంచెం ఆలోచించండి. 513 మీటర్లు సరే, ఆ 41 ఏమిటి? నలభై ఒక్క సెంటీమీటర్లు! సముద్రం ఒక్క క్షణమైనా కదలకుండా ఉండదు కదా! మనిషెత్తు కెరటాలు లేచి పడుతుంటాయి. పోటు వస్తుంది, ఆటు వస్తుంది. ఇంతగా కదిలే నీటి నుంచి, సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న చెరువు ఎత్తును సెంటీమీటర్లతో సహా ఎలా చెప్పగలిగారు? ఏ కెరటం నుంచి కొలిచారు?

దీనికి జవాబు వెతకాలంటే సముద్రం దగ్గరికే వెళ్ళాలి. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను సాయంత్రం నాంపల్లిలో ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నంలో ఉంటాం. రాత్రంతా మనం నిద్రపోతుండగా రైలు అర కిలోమీటరు కిందికి దిగిపోయి ఉంటుంది. విశాఖ స్టేషను ఎత్తు పది మీటర్ల లోపే! అక్కడినుంచి భీమిలి దాకా తీరం వెంబడి నడుద్దాం రండి. కైలాసగిరి కింద ఉన్న తెన్నేటి పార్కు దగ్గర మొదలుపెడితే సుమారు 20 కిలోమీటర్లు. కొంత ఇసుక, కొంత రాళ్ళు, దారి తెగినచోట బీచిరోడ్డు. డిసెంబరు, జనవరి నెలలు ఈ నడకకు అనువైనవి. ఒంటరిగా వద్దు. ఉపాధ్యాయులతోనో పెద్దలతోనో కలిసి, నీళ్ళసీసా, టోపీ, గట్టి చెప్పులు తీసుకుని బయలుదేరాలి.

కెరటం పరుగెత్తుతుందా?

తెన్నేటి పార్కు కింద ఒడ్డంతా పెద్ద పెద్ద రాళ్ళు. తుప్పు పట్టినట్టు ఎర్రగా, గోధుమరంగుగా ఉంటాయి. ఇవి ఖోండలైటు అనే రాళ్ళు. తూర్పుకనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద శాస్త్రజ్ఞులు ఈ పేరు పెట్టారు. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట, భూమిలో ఇరవై కిలోమీటర్లకు పైగా లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై ఇవి ఈ రూపం పొందాయి. ఇలాంటి రాళ్ళే తూర్పు అంటార్కిటికాలోనూ ఉన్నాయి. ఒకప్పుడు ఆ ఖండం మన తూర్పుతీరాన్ని ఆనుకునే ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట రెండూ విడిపోయాయి. ఆ చీలిక పెరిగి పెరిగి బంగాళాఖాతం అయింది.

రాళ్ళ మీద భద్రమైన చోట కూర్చుని, నీటిమీద తేలే కొబ్బరి డొక్కనో కర్రముక్కనో గమనించండి. కెరటం వచ్చినప్పుడు అది పైకి లేచి కాస్త ముందుకు వస్తుంది. కెరటం దాటిపోగానే దిగి, వెనక్కి పోతుంది. కెరటం మాత్రం ఒడ్డుకు పరుగెత్తుతుంది. అంటే పరుగెత్తేది నీరు కాదు, శక్తి. సముద్రంలో ఎక్కడో వీచిన గాలి నీటికి ఇచ్చిన శక్తి ఇక్కడిదాకా ప్రయాణం చేసి వస్తుంది.

ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ కెరటం అడుగుభాగం నేలకు తగిలి మందగిస్తుంది. వెనక వచ్చే నీరు దానిమీదికి ఎక్కుతుంది. కెరటం ఎత్తు పెరిగి, ముందుకు వంగి, విరిగిపడుతుంది. మీటరు ఎత్తు కెరటం దాదాపు ఒకటింబావు మీటరు లోతున విరుగుతుంది. తుపాను సమయాల్లో ఈ శక్తి ఎంతపని అయినా చేస్తుంది. 2020 అక్టోబరులో వాయుగుండం తాకిడికి లంగరు నిలవక, ఒక బంగ్లాదేశ్ సరుకుల ఓడ సరిగ్గా ఇక్కడి రాళ్ళమీదికే కొట్టుకొచ్చింది.

సముద్రమట్టం మారడానికి మొదటి కారణం ఇదిగో, ఈ కెరటాలు. ఇవి కొన్ని సెకండ్లకొకసారి నీటిని ఎత్తి దించుతాయి.

చంద్రుడి గడియారం

సాగర్‌నగర్ దాటి రుషికొండ వైపు నడుస్తుంటే ఇసుకలో ఒక తడిగీత కనిపిస్తుంది. దానిమీద ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు వరసగా పడి ఉంటాయి. కిందటి పోటునీరు అంతవరకు వచ్చిందని అర్థం. చంద్రుడి ఆకర్షణ, సూర్యుడి ఆకర్షణ కలిసి సముద్రాన్ని రోజుకు రెండుసార్లు పైకి లేపుతాయి. అదే పోటు. రెండుసార్లు దించుతాయి. అది ఆటు.

ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఉదయం 6 గంటలకు పోటు అయితే, మధ్యాహ్నం 12 దాటాక ఆటు. సాయంత్రం 6-25కి మళ్ళీ పోటు. మర్నాడు ఉదయం పోటు 6-50కి. అంటే రోజుకు 50 నిమిషాలు ఆలస్యం. చంద్రుడు కూడా రోజూ దాదాపు అంతే ఆలస్యంగా ఉదయిస్తాడని మీకు తెలుసు కదా! జాలర్లు తిథిని బట్టి ఆటుపోట్ల వేళలు లెక్కకట్టడంలోని కిటుకు ఇదే.

పౌర్ణమికి, అమావాస్యకు సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి లాగుతారు. అప్పుడు విశాఖ తీరంలో ఆటుకూ పోటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి రోజుల్లో ఆ తేడా అర మీటరుకు తగ్గిపోతుంది. మన గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఇది పది మీటర్ల దాకా పెరుగుతుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో అయితే పదహారు మీటర్లు. అయిదంతస్తుల మేడ ఎత్తు!

ఈ లెక్క తీరం వెంబడి నడిచేవాళ్ళకు ప్రాణప్రదం. ఆటు సమయంలో రాళ్ళ మీదుగా సులువుగా దాటిన మూల, నాలుగు గంటలు గడిచేసరికి నీటిలో ఉండవచ్చు. కాబట్టి కొండ రాళ్ళు నీటిలోకి చొచ్చుకొచ్చిన చోట్లను ఆటు వేళకే దాటాలి. నీరు పెరుగుతున్నట్టు అనుమానం రాగానే రోడ్డు మీదికి వచ్చెయ్యాలి.

ఇంకో జాగ్రత్త. కెరటాలు ఒడ్డుకు చేర్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి వెళ్ళాలి కదా? ఒక్కొక్కచోట అది సన్నని పాయలా కలిసి, వేగంగా లోపలికి పోతుంది. అక్కడ కెరటాలు తక్కువగా విరుగుతాయి కనుక నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు! విశాఖ తీరంలో ఇలాంటి పాయలకు ఎందరో యువకులు బలయ్యారు. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదడానికి పెనుగులాడకూడదు. అలసిపోయి మునిగిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. పాయ సాధారణంగా సన్నగానే ఉంటుంది. దాన్ని దాటితే కెరటాలే ఒడ్డుకు చేరుస్తాయి. ఈత రానివాళ్ళు చెయ్యి పైకెత్తి సాయానికి పిలుస్తూ, కంగారు పడకుండా తేలి ఉండడానికి ప్రయత్నించాలి. అన్నిటికన్నా మంచిది, కాపలా లేనిచోట దిగకపోవడం.

సున్నాను ఎలా పట్టుకున్నారు?

కెరటాలు సెకండ్లలో మారుస్తాయి, ఆటుపోట్లు గంటల్లో మారుస్తాయి. ఇక రుతువులు నెలల్లో మారుస్తాయి. మన తూర్పుతీరంలో సముద్రం సగటు మట్టం మార్చి ప్రాంతంలో తక్కువగా, అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువగా ఉంటుంది. విశాఖ దగ్గర ఈ తేడా సుమారు అర మీటరు. రుతుపవనాలతోపాటు సముద్ర ప్రవాహాల దిశ మారి నీరు తీరంవైపు పోగుపడటం, గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిపోసిన మంచినీటివల్ల సముద్రజలం తేలికై ఉబ్బడం ఇందుకు ముఖ్య కారణాలు.

మరి ఇందులో ఏది సముద్రమట్టం? ఏదీ కాదు. వీటన్నిటి సగటే సముద్రమట్టం!

దాన్ని పట్టుకునే ఉపాయం చాలా తేలికైనది. ఓడరేవులో ఒక గొట్టాన్ని నిలువుగా నీటిలో నిలుపుతారు. దాని అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. కెరటం పైకి లేచి పడేంతలో ఆ రంధ్రంగుండా లోపలికి పోయే నీరు కొద్దిగానే ఉంటుంది. అందువల్ల గొట్టంలో నీరు కెరటాలకు ఎగిరిపడదు. ఆటుపోట్లు మాత్రం గంటలకొద్దీ సాగుతాయి కనుక వాటితోపాటు నెమ్మదిగా లేస్తుంది, దిగుతుంది. నీటిమీద ఒక తెప్పతేలుడు బిళ్ళ, దానికి కట్టిన కలం, తిరిగే కాగితం. రాత్రింబగళ్ళు గీత గీస్తూనే ఉంటుంది. ఇలా ఏళ్ళ తరబడి రాసిన అంకెలను కూడి సగటు తీస్తారు. చంద్రుడి కక్ష్య వంపు తిరిగి మొదటి స్థితికి రావడానికి 18.6 ఏళ్ళు పడుతుంది. కనుక దాదాపు 19 ఏళ్ళ సగటు అయితే మరీ మంచిది.

భారత సర్వే సంస్థ దేశమంతటికీ ఒకే సున్నాను 1909లో ఖాయం చేసింది. అందుకు తొమ్మిది రేవుల్లోని సగటు నీటిమట్టాలను ఆధారంగా తీసుకుంది. అవి కరాచీ, ముంబయి, కార్వార్, బేపూరు, కొచ్చి, నాగపట్నం, చెన్నై, విశాఖపట్నం, ఒడిశాలోని ఫాల్స్ పాయింట్. అవును, మనం నడుస్తున్న ఈ విశాఖ సముద్రం కూడా ఆ తొమ్మిదింటిలో ఒకటి!

ఆ సున్నా హైదరాబాదు దాకా ఎలా ఎక్కింది? మెట్టు మెట్టుగా ఎక్కింది. మేస్త్రీ దగ్గర రసమట్టం చూసే ఉంటారు. దాన్ని దుర్భిణికి అమర్చితే సర్వే వాళ్ళ లెవెల్ యంత్రం అవుతుంది. ముందొకటి, వెనకొకటి కొలబద్దలు నిలబెట్టి, మధ్యన యంత్రం పెట్టి రెండింటి అంకెలూ చదువుతారు. ఆ రెండు అంకెల తేడాయే ఆ రెండు చోట్ల ఎత్తులో తేడా. తరవాత వెనక బద్దను ముందుకు తెచ్చి మళ్ళీ చదువుతారు. ఇలా కొన్ని పదుల మీటర్ల చొప్పున వందల కిలోమీటర్లు నడుస్తారు. తప్పు జరగలేదని తేల్చుకోవడానికి మళ్ళీ వెనక్కి కొలుచుకుంటూ వస్తారు. దారిలో రాతి గుర్తులు పాతుతారు. హుస్సేన్‌సాగర్ 513.41లోని ఆ 41 వెనక ఇంత నడక ఉంది.

రాతిలో ద్వారం

రుషికొండ దాటి, తిమ్మాపురం మీదుగా మంగమారిపేట చేరేసరికి ఎండ నెత్తిమీదికి వస్తుంది. ఇక్కడ ఒడ్డున రాతిలో సహజంగా ఏర్పడిన ద్వారం ఉంది. ఎవరూ చెక్కలేదు. కెరటాలే తొలిచాయి.

తీరంలో ముందుకు పొడుచుకొచ్చిన రాతికొనల మీద కెరటాల దాడి ఎక్కువ. లోతు తక్కువైనచోట కెరటం మందగించి వంగుతుందని చెప్పుకున్నాం కదా! అలా వంగి, రాతికొన చుట్టూ మూడు వైపులనుంచి కమ్ముకుంటుంది. కెరటం శక్తి అక్కడ కేంద్రీకృతమవుతుంది. పక్కనున్న వంపుల్లో మాత్రం ఆ శక్తి పలచబడుతుంది. అందుకే కొనల దగ్గర రాళ్ళు, వంపుల్లో ఇసుక మిగులుతాయి. కెరటం రాతి పగుళ్ళలో గాలిని బిగించి కొడుతుంది. ఇసుకను రంపంలా వాడుతుంది. బలహీనమైన చోట రాయి ఊడిపోయి గుహ అవుతుంది. గుహ ఆవలివైపుకు తెరుచుకుంటే ద్వారం అవుతుంది. ఎప్పుడో ఒకనాడు దాని పైకప్పు కూలి, రాతి స్తంభం ఒక్కటే మిగులుతుంది.

గమనించండి, కెరటాలు తమకు అందిన ఎత్తులోనే రాతిని కోస్తాయి. కాబట్టి సముద్రానికి బాగా ఎగువన కొండవాలులో ఇలాంటి కోత కనిపించిందంటే, ఒకప్పుడు సముద్రం అంత ఎత్తున ఉందనో, లేదా నేలే పైకి లేచిందనో భూవిజ్ఞానులు ఊహిస్తారు.

పక్కనే 128 మీటర్ల ఎత్తున తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటితొట్లవల్ల ఆ పేరు వచ్చింది. రెండువేల ఏళ్ళ కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. 1988 నుంచి జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. సముద్రమట్టం గత ఆరువేల ఏళ్ళుగా పెద్దగా మారలేదు. కాబట్టి ఆ భిక్షువులు కొండమీది నుంచి చూసిన తీరరేఖ ఇంచుమించు మనం చూస్తున్నదే. అంతకు ముందు సంగతి మాత్రం వేరు. అది తెలుసుకోవాలంటే ఇంకొంచెం ముందుకు నడవాలి.

సముద్రం వెనక్కి పోయిన కాలం

చేపలుప్పాడ దాటాక, భీమిలికి కొద్ది కిలోమీటర్ల ముందు, ఒక్కసారిగా నేల రంగు మారిపోతుంది. ఇవే ఎర్రమట్టి దిబ్బలు. లోతైన వాగుల మధ్య నిట్టనిలువు ఎర్రటి గోడలు. పేరు మట్టే అయినా నిజానికిది ఇసుక. చేతిలోకి తీసుకుని నలిపితే వేళ్ళకు ఎర్రరంగు అంటుతుంది. ఇనుమున్న ఖనిజాలు గాలికీ నీటికీ మారి, ఇసుకరేణువుల చుట్టూ తుప్పు పూతలా పట్టాయి. ఆ పూతే వాటిని కలిపి ఉంచుతోంది.

సముద్రపు ఇసుక ఇంత ఎత్తుకు, ఇంత రాశిగా ఎలా వచ్చింది? దాదాపు ఇరవైవేల ఏళ్ళ కిందట భూమిమీద మంచుయుగం నడిచింది. ఉత్తర అమెరికా, యూరప్‌లలో కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. ఆ నీరంతా సముద్రాలదే. అందువల్ల ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగిపోయింది. విశాఖ తీరం ఎన్నో కిలోమీటర్లు లోపలికి జరిగింది. ఇప్పుడు నీటికింద ఉన్న ఇసుకమేట అప్పుడు ఎండకు ఎండింది. గాలి ఆ ఇసుకను ఎత్తితెచ్చి కొండలవైపు దిబ్బలుగా పోసింది. తరవాత వానలు వాటిని కోసి వాగులు చేశాయి. మంచు కరిగాక సముద్రం తిరిగివచ్చింది, దిబ్బలు మిగిలిపోయాయి.

ఇలాంటి ఎర్ర ఇసుకదిబ్బలు ప్రపంచంలో చాలా అరుదు. మన దగ్గర, తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ ఇవి చేరాయి. కాని జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన ఇసుక నిలబడదు. అంచులమీద ఎక్కి జారితే చాలు, గోడ విరిగిపడుతుంది. తవ్వినా, చదును చేసినా ఇరవైవేల ఏళ్ళ దస్తావేజు చెరిగిపోతుంది. మనం దారి వదలకుండా నడుద్దాం. పిడికెడు ఇసుకైనా మూటకట్టుకోవద్దు.

ఇప్పుడేం జరుగుతోంది?

మంచుయుగంలో దిగిన సముద్రం ఇప్పుడు మళ్ళీ పెరుగుతోంది. ఈసారి కారణం మనమే. బొగ్గు, పెట్రోలు మండించి మనం గాలిలోకి వదిలిన వాయువులవల్ల భూమి వేడెక్కుతోంది. వేడికి సముద్రజలం వ్యాకోచిస్తోంది, మంచు కరిగి వచ్చి చేరుతోంది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. అంటే వేగం కూడా పెరుగుతోందన్నమాట.

20 సెంటీమీటర్లు అంటే జానెడు. ఇంతేనా అనిపిస్తుంది కదూ! లెక్క వేద్దాం. ఒక ఇసుకతీరం ప్రతి 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరుగుతోందనుకోండి. నీరు 20 సెంటీమీటర్లు పెరిగితే నీటి అంచు 10 మీటర్లు ముందుకు వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చి, పోటునీరు అందని పొడి ఇసుకలో గుడ్లు పెడతాయి. జాలర్లు పడవలు లాగిపెట్టేది, వలలు ఆరబెట్టేది అక్కడే. వెనక రోడ్డు, ముందు సముద్రం. మధ్యన ఆ పదిమీటర్లు పోతే తాబేలు ఎక్కడికి వెళ్ళాలి? పడవ ఎక్కడ పెట్టాలి?

సాయంత్రానికి భీమిలి చేరతాం. గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో ఇక్కడ డచ్చివాళ్ళు వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. డచ్చివాళ్ళ స్వదేశం నెదర్లాండ్స్‌లో దాదాపు పావువంతు నేల సముద్రమట్టానికి కిందనే ఉంది. అందుకే వాళ్ళు 1680 దశకంలోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో నీటిమట్టాన్ని కొలిచి, ఎనిమిది చలువరాళ్ళ మీద గీతలు గీసి గుర్తులు నిలిపారు. సముద్రంతో కాపురం చేసేవాళ్ళకు అది ఎంతవరకు వస్తుందో తెలియడం తప్పనిసరి.

సముద్రం లేని హైదరాబాదు కూడా ఈ పనిలో ఉంది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తరవాత, 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచెయ్యడం మొదలుపెట్టింది. రేవుల్లోని నీటిమట్టం యంత్రాల అంకెలు అక్కడికి చేరుతుంటాయి. పెద్ద కెరటాల హెచ్చరికలూ అక్కడినుంచే వస్తాయి. తీరం వెంబడి నడవాలనుకున్న రోజున ముందుగా ఆ హెచ్చరిక చూసుకోండి.

మీరే చేసి చూడండి

ఒక బకెట్టు నిండా నీళ్ళు తీసుకోండి. రెండువైపులా తెరిచి ఉన్న ప్లాస్టిక్ గొట్టం అడుగును మైనంతో మూసి, సూదితో ఒకే ఒక్క రంధ్రం చెయ్యండి. గొట్టాన్ని బకెట్టులో నిలువుగా పట్టుకుని, లోపలి నీరు బయటి నీటితో సమానమయ్యేదాకా ఆగండి. ఇప్పుడు బకెట్టులో చేత్తో కెరటాలు పుట్టించండి. గొట్టంలో నీరు కదులుతుందా? తరవాత బకెట్టులోకి మెల్లగా రెండు చెంబుల నీరు పొయ్యండి. గొట్టంలో నీరు ఎంతసేపటికి పెరిగింది? రంధ్రాన్ని పెద్దది చేస్తే ఏమవుతుంది? మీరు చూసింది నోటుబుక్కులో రాసుకుని, మీ సైన్సు మాస్టారితో చర్చించండి.